పరీక్ష రోజు గోధూళి

కాచిగూడ స్టేషను దగ్గరి పుస్తకాల కొట్టాయన కొత్త పంచాంగానికి నాలుగు మూలలా పసుపు రాసి ఇస్తాడు. వద్దన్నా వినడు. ఇంటికొచ్చి విప్పితే చవక కాగితం వాసన, అచ్చు సిరా వాసన, వాటి మీద పసుపు వాసన. "ముహూర్తాల మీద నిప్పులు కక్కే మనిషివి, నీ బల్ల మీద ఇదేమిటయ్యా?" అని మిత్రులు ఎగతాళి చేస్తారు. నా పోట్లాట ఏమీ చల్లారలేదు. ఇద్దరు మనుషులు కలిసి బతకడానికి గ్రహాల అనుమతి కావాలనడం బుద్ధికి అవమానమని ఈ వారం కూడా పత్రికలో రాశాను. పంచాంగం మాత్రం ఏటా కొంటాను. ఆ అలవాటు నరసింహంగారి వల్ల వచ్చింది.

ఆయన యూనివర్సిటీలో మాకు గణితం చెప్పేవారు. గుంటూరు వైపు మనిషి. నేను హాస్టలు గోడపత్రికలో "పంచాంగాలను తగలబెట్టండి" అని రాసిన మర్నాడు క్యాంటీన్లో నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "అలాగే తగలబెడదాం. ముందు ఇవాళ తిథేమిటో చెప్పు" అన్నారు. నాకు తెలియదు. ఆయన ఒక టీ గ్లాసును సూర్యుడన్నారు, ఇంకో గ్లాసును చంద్రుడన్నారు. చంద్రుడు సూర్యుడి నుంచి ఎడంగా జరుగుతూ మళ్లీ వచ్చి కలుసుకునే దారిని ముప్పై భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక తిథి. "ఇది లెక్క. దీని పక్కన మంచిది, చెడ్డది అని రాశాడే, వాడితో పోట్లాడు. లెక్కతో నీకేం గొడవ?" అని, చంద్రుడిలోని టీ తాగేశారు.

అరవై ఎనిమిది ఎండాకాలానికి నేను హాస్టలు వదిలి తార్నాకలో యాదమ్మగారింట్లో అద్దెగదిలో ఉంటున్నాను. ఆమె కూతురు సులోచన బీఎస్సీ ఆఖరి సంవత్సరం. ఆ వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల. బౌద్ధనగర్ సంబంధం కుదిరి, వాళ్ల పురోహితుడు అయ్యగారు లగ్నం పెట్టాక పరీక్షల టైంటేబుల్ వచ్చింది. పెళ్లీ, ఆఖరి పరీక్షా ఒకే రోజు, ఒకే పూట. ఆ తర్వాత కొద్దిరోజులకే మూఢం. శుక్రుడు సూర్యుడి వెలుగులో కనబడకుండా పోయే ఆ రెండు నెలలూ పెళ్లిళ్లు చేయరు. అన్నాళ్లు ఆగమంటే మగపెళ్లివారు ఇంకో సంబంధం చూసుకుంటామన్నారు. పరీక్ష వదులుకుంటే అత్తవారింటి నుంచి మళ్లీ పంపుతారన్న ఆశ లేదు.

నేను ఊరుకుంటానా? యాదమ్మగారి ముందు గంటసేపు ఉపన్యసించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది.

"నీకేంది బిడ్డా, చెప్పి పోతవ్. రేపు నా పిల్లకు ఏమన్న అయితే వాళ్లత్త నిన్నడుగుతదా, నన్నడుగుతదా?" అన్నది.

లోపలి నుంచి సులోచన గొంతు వినబడింది. "మూడేండ్లు చదివింది గిందుకేనా అమ్మా?"

యాదమ్మగారు చేట పక్కన పెట్టి కొంగుతో ముఖం తుడుచుకున్నది.

నేను మండిపడుతూ పోయి నరసింహంగారితో చెప్పాను. ఆయన ఆ సాయంత్రమే పంచాంగం చంకన పెట్టుకుని వచ్చారు. వాదించలేదు.

"అమ్మా, మీ అయ్యగారు పెట్టిన నక్షత్రం సాయంత్రం దాకా ఉంది. పశువులు ఇల్లు చేరే వేళ గోధూళి లగ్నం. దానికి దోషాలు అంటవని మీ పెద్దలే రాశారు. పొద్దున పరీక్ష, సాయంత్రం పెళ్లి. మీ అయ్యగారినే అడగండి."

ఆమె ఇంకో అడ్డు చెప్పింది. "పసుపు రాసినంక పిల్ల పొలిమేర దాటొద్దు గద సార్?"

"తార్నాకకీ యూనివర్సిటీకీ మధ్య పొలిమేర ఎక్కడుందో నాకు చూపించండమ్మా."

యాదమ్మగారు నవ్వేసింది. "మస్తు హుషారున్నరు సార్ మీరు!"

అయ్యగారు సరేనన్నాడు. మగపెళ్లివారూ ఒప్పుకున్నారు. బౌద్ధనగర్ నుంచి తిరిగివస్తూ దారిలో నేను సార్‌ను నిలదీశాను. "మీరు నమ్మరు కదా! మూఢనమ్మకాన్ని బలపరిచారు."

"బలపరిచానేమో. దాని మీద వ్యాసం రాయి, నేనూ చదువుతాను. ఆ పిల్లను మాత్రం పరీక్ష రాయనీ."

పరీక్ష రోజు సులోచన పసుపు పాదాలతో, బుగ్గన చుక్కతో హాల్లోకి వెళ్లింది. బయట వేపచెట్టు కింద యాదమ్మగారు గొడుగు పట్టుకుని కూర్చున్నది, పెళ్లిపనులన్నీ ఆడపడుచు నెత్తిన పడేసి. గంట కొట్టాక కూతురు బయటికి రాగానే ఆమె లగ్నం మాట ఎత్తలేదు. "అన్నీ రాసినవా?" అని అడిగింది. సులోచన తలూపింది. ఆమె చేతి పసుపు ప్రశ్నపత్రం అంచులకు అంటుకుని ఉంది. ఆ సాయంత్రం పెళ్లిలో అక్షింతలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ డిగ్రీతోనే సులోచన తర్వాత హైస్కూల్లో సైన్సు టీచరైంది.

నరసింహంగారు చేసింది పూర్తిగా సరైనదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆయన పోయాక కూడా మనసులో ఆయనతో వాదిస్తూనే ఉన్నాను. కానీ ముహూర్తం విషయంలో ఇంట్లో గొడవగా ఉందంటూ ఎవరైనా నా దగ్గరికి వస్తే, వెంటనే ఉపన్యాసం ఎత్తుకోను. పసుపు మూలల పంచాంగం ముందుకు లాక్కుని మొదట ఒకటే అడుగుతాను: "ఆ రోజు అమ్మాయికి వేరే పనేమైనా ఉందా?"