మా ఆడబిడ్డ చూసిన పళ్ళు

మొన్న మా హోసూరు ఇంటికి నీళ్ళ క్యాను వేయడానికి కొత్త మనిషి వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. "యాడప్పా మీది?" అని అడిగాను. బేరిగై అవతల ఒక పల్లె పేరు చెప్పి నవ్వాడు. ఆ పేరు వినగానే నా చూపు అతని పళ్ళమీదికి పోయింది. తెల్లగా, మచ్చ లేకుండా ఉన్నాయి. అతను వెళ్ళాక కూడా నేను గుమ్మంలో నిలబడి నవ్వుకుంటుంటే, మా కోడలు, "ఏమత్తా, నీళ్ళ మనిషి పళ్ళు లెక్క పెడతా ఉండారా?" అంది. ఆ పల్లె పళ్ళ గురించి ఆమెకేం తెలుసు!

నా భర్త చెల్లెలు డాక్టరీ పాసయినప్పుడు, డెబ్బైల చివర్లో, మా మామగారు తన బట్టల అంగడి ఎదురుగా ఒక గది కూడా చూసిపెట్టారు, ఆమె బోర్డు తగిలించడానికి. ఆమె మాత్రం ఒక యూనివర్సిటీ విభాగంలో కుటుంబ వైద్యం, సమాజ ఆరోగ్యం చదువుతానంది. "అంటే యే రోగానికి డాక్టరు?" అన్నారు మామగారు. "రోగానికి కాదు నాయనా, ఇంటికి." ఆయనకు అర్థం కాలేదు గానీ, కూతురన్నది కాబట్టి, అంగడికొచ్చిన వాళ్ళందరికీ, "మా బిడ్డ ఇండ్లకు డాక్టరు" అని చెప్పేవారు. మా ఇంటి గోడ పగిలింది, వచ్చి చూస్తుందా అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

ఆ చదువు పద్ధతే వేరు. ఒక్కొక్కరికీ కొన్ని కుటుంబాలు అప్పజెప్తారు. వాళ్ళ ఇళ్ళకు పోవాలి, కూర్చోవాలి, ముసలివాళ్ళ మోకాళ్ళనుంచి చంటిపిల్లల పాలదాకా అన్నీ తెలుసుకోవాలి. ఆమె కోరి ఆ బేరిగై అవతలి పల్లెనే తీసుకుంది. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా బస్సులో పోవడమేమిటని మామగారు నన్ను తోడు పంపారు. నాకేం, వంటింటినుంచి సెలవు! చిత్రాన్నం మూటగట్టుకుని ఎగిరి గంతేసినట్టు బయలుదేరేదాన్ని. ఆ పల్లెలో మాకు మర్యాద కూడా ఎక్కువే. అంతకు పదేళ్ళ కిందట మామగారు వాళ్ళమ్మ పేరుమీద అక్కడ బోరు వేయించి, చేతిపంపు పెట్టించారు. పక్కనే రాతిమీద ఆమె పేరు. అంతకుముందు ఆడవాళ్ళు పొలాలు దాటి పాత బావికి పోవలసి వచ్చేది. అందుకే మేం బస్సు దిగితే చాలు, "మన శెట్టప్ప బిడ్డ వచ్చినాది" అని చాపలు పరిచేవారు.

ఒక గొర్రెల కాపరి ఇంట్లో ఒకరోజు, మా మామగారు గుర్రబ్బండిలోంచి బట్టల మూటతో సహా బురదలో పడిన కథ చెప్పాను. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. ఆడబిడ్డ మాత్రం నవ్వడం మానేసి పిల్లల వైపే చూస్తోంది. పెళ్ళీడుకొచ్చిన పెద్దపిల్ల పళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. తర్వాతి ముగ్గురివీ పసుపుగా, గోధుమరంగు చారలతో, తుప్పు పట్టినట్టు ఉన్నాయి.

"ఒకే తల్లి, ఒకే కూడు. మరి ఈ తేడా ఏంది వదినా?" అంది నా చెవిలో.

పిల్లల తల్లిని అడిగితే, "పెద్దదానికి పాత బాయి నీళ్ళే తాపినాము తల్లీ. అప్పుడు బోరు యాడుండె?" అంది. మా ఆడబిడ్డ ముఖం వాడిపోయింది.

తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ అదే వరస: బోరు రాకముందు పెరిగిన పిల్లల పళ్ళు తెలుపు, వచ్చాక పుట్టినవాళ్ళవి చారలు. నీళ్ళు సీసాల్లో పట్టి విభాగానికి పంపింది. భూమి లోపలి రాతినుంచి బోరు నీళ్ళలోకి ఫ్లోరైడు ఎక్కువగా దిగుతోందనీ, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు కూడా గట్టిపడి నడుములు వంగిపోతాయనీ తేలింది.

అది తండ్రికి చెప్పడమే ఆమెకు పరీక్షయింది. ఒక మధ్యాహ్నం అంగడిలో బేరాల్లేని వేళ పోయి నిలబడింది. నేను వెనకే ఉన్నాను.

"నాయనా, అవ్వ పేరుతో ఏసిన బోరు నీళ్ళు బిడ్డలు తాగరాదు."

మామగారి చేతిలో గజంబద్ద అలాగే ఆగిపోయింది. "నిజమేనా?"

"మళ్ళీ మళ్ళీ చూసినాము నాయనా."

ఆయన బద్ద పక్కన పెట్టి అంగడి మూసేశారు. రెండు రోజులు తెరవలేదు. మూడోనాడు పొద్దున్నే తలపాగా చుట్టుకుని, "పదండి, పోయొస్తాము" అన్నారు.

బోరు నీళ్ళు తాగొద్దంటే పల్లెలో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "నీ ఇంట్లో కొళాయి ఉండాది శెట్టప్పా. మేం మళ్ళా అంత దూరం బిందెలు మోయాల్నా?" అని ఒకామె నిలదీసింది. ఆయన రచ్చకట్టమీద చేతులు జోడించారు. "ఇచ్చినోణ్ణి నేనే, వద్దనేదీ నేనే. మా అమ్మ పేరు చెప్పుకొని మీ బిడ్డల ఎముకలు చెడితే, ఆ తల్లికి నేనేం జవాబు చెప్పేదమ్మా?" అన్నారు. తర్వాత తన ఖర్చుతోనే పాత బావిలో పూడిక తీయించి, లోపల చుట్టూ రాతి ఒర కట్టించి, దానినుంచి ఊళ్ళోకి పైపు వేయించారు. పంపు నీళ్ళు బట్టలకూ గిన్నెలకూ మాత్రమే. మా ఆడబిడ్డ నెలల తరబడి ఇళ్ళు తిరిగి, తాగే కడవ వేరు, వాడే కడవ వేరు అని పోరింది. కొందరు విన్నారు. కొందరు తిట్టి, తర్వాత విన్నారు.

చదువు చివర ఆమె ఈ పని గురించి విభాగంలో అందరి ముందూ చెప్పాలి. మామగారూ నేనూ పోయి వెనక బెంచీలో కూర్చున్నాం. అంతా ఇంగ్లీషే, బళ్ళో చదివిన ముక్కలతో నాకు సగం సగం అర్థమైంది. అయిపోయాక పెద్ద ప్రొఫెసరుగారు ఏదో అడిగారు. ఆమె మా వైపు చూసింది. "ఏమంటా ఉండాడు?" అని మామగారు నన్నడిగారు. "ఆ బోరు ఎవరు వేయించారు, వాళ్ళు దీనికి ఒప్పుకున్నారా అంటున్నారు మామా" అన్నాను.

మామగారు లేచి నిలబడ్డారు. కండువా సర్దుకుని, నిండు సభలో, మన తెలుగులోనే చెప్పారు:

"బోరు ఏయించినోణ్ణి నేనేనప్పా. తప్పు కనిపెట్టింది నా బిడ్డ. రెండూ మా ఇంటివే."

ఎవరో దాన్ని ఇంగ్లీషులో చెప్పేలోపే చప్పట్లు మొదలయ్యాయి. మా ఆడబిడ్డ బల్ల దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. తిరుగు బస్సులో కృష్ణగిరి దాటేదాకా మామగారు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇండ్లకు డాక్టరంటే ఇదేనా అమ్మా?" అన్నారు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఆడబిడ్డ ఎన్నో ఊళ్ళు తిరిగి, ఎందరికో ఆ చదువే చెప్పి, రిటైరై మత్తిగిరిలో ఉంటోంది. మంచి అనుకుని చేసిన పనిలోని చెడు బయటపడడానికి పదేళ్ళు పట్టింది, దాన్ని చక్కదిద్దడానికి ఇంకొన్నేళ్ళు. ఆ ఏళ్ళన్నీ నా మనసులో కలగాపులగమైపోయాయి గానీ, తెల్ల కండువా సర్దుకుంటూ ఒక మనిషి లేచి నిలబడిన ఆ ఒక్క నిమిషం మాత్రం ఇంకా కదలకుండా నిలిచే ఉంది.