ముఖం తిప్పుకుని అన్న మాటలు

తిరువళ్లూరులో మేము అద్దెకుంటున్న ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆ గోడ అవతల సీరియల్ మొదలవుతుంది. బొమ్మ కనిపించదు, మాటలు మాత్రం వస్తాయి. ఎవరో తలుపు విసురుగా వేస్తారు, ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తారు, వెనకాల ఫ్లూటు సాగుతుంది. నేను బియ్యం కడుగుతూ వింటూ ఉంటాను. మాట విని ముఖాన్ని ఊహించుకోవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. ఎందుకంటే నేను టీవీ చూడడం నేర్చుకున్నది చెవులు వినిపించని మనిషి పక్కన కూర్చుని.

ఆమె పేరు కోమల. తిరుత్తణిలో మా ఇంటి పైవాటాలో ఒక్కతే ఉండేది. ఒకప్పుడు బడిలో తెలుగు టీచరు. నలభై దాటాక వచ్చిన ఒక జ్వరంలో వినికిడి పోయింది. కొన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది కానీ, వెనక బెంచీల్లోంచి పిల్లలు అడిగేది అందక ఉద్యోగం మానుకుంది. ఆ తర్వాత కంప్యూటరు కొనుక్కుని, ఇంటర్నెట్‌లో ఎవరైనా వచ్చి రాయగలిగే ఒక తెలుగు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాయడం మొదలుపెట్టింది. మొదట తిరువాలంగాడు, కనకమ్మ సత్రం లాంటి చుట్టుపక్కల ఊళ్ల గురించి రాసింది. తర్వాత టీవీ సీరియళ్లకు వచ్చింది. ఎవరు నటించారు, ఏ చానల్లో వచ్చింది అన్నవి ఎవరో ఒకరు రాసేసేవారు. ఆ కథ అసలు దేని గురించి అని చెప్పే 'ఇతివృత్తాలు' అనే భాగం మాత్రం ప్రతి వ్యాసంలోనూ ఖాళీగా ఉండేది. ఆమె పట్టుదలంతా ఆ ఖాళీ మీదే.

నేను డిగ్రీ ముగించి ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్న రోజులవి. మా అమ్మ ఒకరోజు గిన్నెలో పులుసు పోసి పైకి పంపింది. కోమలక్క టీవీ ముందు కూర్చుని ఉంది. శబ్దం లేదు. ఆమె నటుల పెదవులు చదువుతోంది. అరవమూ తెలుగూ రెండూ పెదవుల మీద చదవగలదు. డబ్బింగు సీరియళ్లంటే మాత్రం చిరాకు, పెదవులు ఒక భాషలో మాటలు ఒక భాషలో ఉంటాయని. నన్ను చూసి టీవీ శబ్దం పెంచి, పక్కన కూర్చోమని చాప చూపించింది. కాసేపటికి తెర మీద తండ్రి పాత్ర కిటికీ వైపు తిరిగి ఏదో అన్నాడు.

"సుధా, వాడు ముఖం తిప్పుకుని ఏమన్నాడు?" అని అడిగింది.

చెప్పాను. అది మొదలు రోజూ సాయంత్రం పైకి వెళ్లడం నా పని అయిపోయింది. ముఖాలు కనిపించినంతసేపు ఆమె చూసుకునేది. ఎవరైనా వీపు తిప్పితే నేను ఆమెకు ఎదురుగా వంగి, పెదవులు బాగా కదిలిస్తూ ఆ మాటలు చెప్పేదాన్ని. పకారం, బకారం, మకారం పెదవుల మీద ఒకేలా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఒకసారి పాప ఏడుస్తోందని చెబితే, "మామ ఎందుకు ఏడుస్తా ఉండాడు?" అని ఆమె కంగారుపడింది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

అప్పట్లో నాకు తెలుగు మాట్లాడడమే వచ్చు. చదువంతా అరవంలో సాగింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘాలు ఎక్కడ తీయాలో ఆమే దిద్దింది. కొన్ని నెలలకు ఒక సీరియల్ గురించి నన్నే రాయమంది. ఇద్దరు చెల్లెళ్లను పెంచే ఒక అక్క కథ అది. మా వీధిలో ఆడవాళ్లందరూ చూసేవారు. 'ఈ సీరియల్ స్త్రీల త్యాగాన్ని అద్భుతంగా చూపిస్తుంది' అని మొదటి వాక్యం రాశాను. ఆమె 'అద్భుతంగా' అన్న మాట మీద వేలు పెట్టింది.

"ఇది ఎవరన్నారు?"

నేనే అన్నానని చెప్పాను.

"నిన్నెవరు అడిగినారు మే?" అంది, కోపం లేకుండానే. ఆ తర్వాత చాలాసేపు విడమరిచి చెప్పింది. జరిగింది చెబితే అది కథ. జరిగినదాంట్లో మళ్లీ మళ్లీ తిరిగొచ్చేదాన్ని పట్టుకుంటే అది ఇతివృత్తం. త్యాగం అని రాసేముందు, ఆ మాట ఆ సీరియల్లో ఎవరు వాడుతున్నారో చూడాలట. అక్క వాడుతోందా, అక్క చేత పనులు చేయించుకునేవాళ్లు వాడుతున్నారా? నేను మళ్లీ చూశాను. అక్క నోట ఆ మాట ఒక్కసారీ రాలేదు.

ఆడి కృత్తికకు కావళ్లు మోసుకుని జనం మా వీధిలో నుంచి సుబ్రహ్మణ్యస్వామి కొండకు పోతున్న రోజు, కోమలక్క కిటికీ ఊచ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. డప్పుల అదురు ఆమెకు అలా తెలిసేది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"ఇన్ని నెల్లుగా నువ్వు నాకు చెప్పినవన్నీ తలుచుకో. ముఖం తిప్పుకుని వాళ్లు అన్నవన్నీ ఏంది? అడగడాలే గదా."

నిజమే. చిన్న చెల్లెలు అద్దంలో జడ చూసుకుంటూ ఫీజు అడుగుతుంది. నడిమి చెల్లెలు చెప్పులు వేసుకుంటూ నగలు అడుగుతుంది. తండ్రి కిటికీ వైపు చూస్తూ, నువ్వు ఇప్పుడే పెళ్లి చేసుకోవద్దని అంటాడు. ఆ ఇంట్లో ఎవరూ అక్క ముఖం చూసి ఏదీ అడగరు. మాటలు వినేవాళ్లందరికీ అది త్యాగం కథ. మాటలు వినిపించని ఈమెకు, అందరూ వీపు చూపించే ఒక మనిషి కథగా కనిపించింది.

తన బడి సంగతి ఆ రోజే మొదటిసారి చెప్పింది. వినికిడి పోయిన కొత్తలో తోటి టీచర్లు ఎదురుగా వచ్చి నిదానంగా మాట్లాడేవారట. తర్వాత తర్వాత బల్ల మీద పేపర్లు పెట్టి, పోతూ పోతూ ఏదో అనేసి వెళ్లిపోయేవారట. చెడ్డవాళ్లు కారు, తొందర అంతే అంది.

ఆ రాత్రి ఆమె రాసిన పేరా నేను చదివిన తెలుగులో అన్నిటికన్నా బాగుందని ఇప్పటికీ నా నమ్మకం. సన్నివేశాలన్నీ వరసగా పేర్చి, ఒక్క విశేషణం వాడకుండా రాసి, ఇతివృత్తాల భాగంలో పెట్టింది. మర్నాడు అక్కడే రాసే ఇంకొకాయన, వ్యాసం పక్కనుండే చర్చా పేజీలో మర్యాదగానే అడిగాడు, ఈ మాట ఏ పత్రికలో వచ్చింది, ఆధారం చూపగలరా అని. ఎక్కడా అచ్చుకాని సొంత మాటను అక్కడ ఉంచరు. ఆధారం ఎక్కడ ఉంది? ఆ కథను అలా ఎవరూ చూడనే లేదు. నేను పోట్లాడదామన్నాను. ఆమె మాత్రం ఆ పేరాను తనే తీసేసింది.

"మనం చూసినాము గదక్కా. అబద్ధమా అది?" అన్నాను. నా గొంతు వణికింది. అది ఆమెకు తెలియదు కానీ, ముఖం తెలిసి ఉంటుంది.

"చూసింది నిజమే. అయితే అది నా మాట. ఈడ నా మాటకు చోటు లేదు. చోటుండే తావు యాడుందో వెతకాల."

వెతికింది. ఆ పేరాను పెంచి, తన పేరుతో వ్యాసంగా రాసి, ఒక చిన్న తెలుగు మాసపత్రికకు పంపింది. చాలా నెలల తర్వాత అచ్చయింది. పత్రిక చేతికి రాగానే నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను, ఇక ఆధారం ఉంది కదా అని. ఆమె నా చెయ్యి పట్టుకుంది. తను రాసినదాన్ని తనే సాక్ష్యంగా తెచ్చుకోకూడదంది. నేను పెట్టినా తను పెట్టినట్టే అంది. కంటపడితే ఎవరైనా పెడతారు, పడకపోతే లేదు. చెప్పేసి కాఫీ పెట్టడానికి లేచింది. ఆమెకు బాధ లేదని అనను. ఆ సాయంత్రం మేము సీరియల్ చూడలేదు.

ఎవరి కంటా పడలేదు. సంవత్సరాలు గడిచాయి. నాకు తిరువళ్లూరులో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఆమె ఆరణిలో తమ్ముడి ఇంటికి చేరింది. సెలవుల్లో పోయినప్పుడల్లా ఎదురుగా కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పేదాన్ని. కిందటేడు ఆమె పోయింది. చివరి రోజుల్లో కంటిచూపు కూడా తగ్గింది. అప్పుడు తన వేళ్లు నా పెదవుల మీద ఆనించి, నేను చెప్పేది తెలుసుకునేది.

కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం ఆ సీరియల్ వ్యాసం తెరిచాను. ఇతివృత్తాల భాగంలో ఎవరో రాసిపోయిన త్యాగం అన్న ఒక్క ముక్కే ఉంది. నేను ఏమీ మార్చలేదు. చర్చా పేజీలో, ఫలానా పత్రికలో ఇలాంటి వ్యాసం ఉంది, రాసినామె నాకు గురువు, కాబట్టి నేను చేర్చడం న్యాయం కాదు, మీలో ఎవరైనా చదివి తగునో తగదో తేల్చండి అని రాసి వచ్చేశాను. చాలా రోజులు ఎవరూ పలకలేదు. తర్వాత ముక్కూ ముఖం తెలియని ఒకాయన ఆ పత్రిక సంపాదించి చదివి, రెండు వాక్యాలు చేర్చాడు. కింద ఆధారాల్లో కోమలక్క పేరు ఉంది. వంటింట్లో నిలబడి ఫోనులో ఆ పేరు చదువుకుని ఏడ్చాను.

అక్కడ కొత్తవాళ్లు రాసేవి ఇప్పుడు నేనూ చూస్తుంటాను. పోయిన వారం ఒక కాలేజీ అమ్మాయి వంటల పోటీ కార్యక్రమం గురించి ఇతివృత్తాల భాగం రాసింది. ఓడిపోయినవాళ్లు ప్రతిసారీ తమ తల్లి వంట గురించే మాట్లాడతారని, గెలిచినవాళ్లు ఎప్పుడూ మాట్లాడరని గమనించింది. దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. ఆధారం లేదు. తీసేశాను. తీసేసి ఊరుకోలేక ఆమెకు రాశాను. నువ్వు చూసింది తప్పని కాదు, ఆ మాట నీది, నీ పేరు పెట్టుకుని రాయాల్సిన మాట, రాసి నాకు పంపించు అన్నాను. రెండు రోజులు జవాబు లేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా వచ్చింది. వ్యాసం ఎంత పొడుగు ఉండొచ్చు అని అడిగింది.

చెప్పడానికి ఎంత కావాలో అంత అని రాశాను.