అత్త చేతి పొడి

కరోనా తగ్గి ఆటలు మళ్ళీ పుంజుకున్న రెండో ఏడాది అది. నేను ఒక ప్రొఫెషనల్ కబడ్డీ లీగు జట్టులో మసాజర్‌గా పనిచేస్తున్నాను. ఆటగాళ్ళ కండరాలు వదులు చెయ్యడం, మోకాళ్ళకు టేపు చుట్టడం, మ్యాచ్ అయ్యాక ఐసు పెట్టడం నా పని. మా ఫిజియో కాలేజీలో చదివి వచ్చినవాడు. నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా నరసరావుపేట లైబ్రరీలోనే. మధ్యాహ్నం మా నాన్న సైకిల్ షాపు మూయగానే అక్కడికి వెళ్ళి, శరీర నిర్మాణం మీద ఉన్న పాత పుస్తకం ముందేసుకుని కూర్చునేవాణ్ణి. తొడ కండరాల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను. లీగు వాళ్ళు ఇచ్చిన డోపింగ్ నిబంధనల పుస్తకాన్ని కూడా డిక్షనరీ పక్కన పెట్టుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. జట్టులో ఆ పని చేసింది నేనొక్కణ్ణే అని కాస్త గర్వంగా ఉండేది.

ఆ జట్టులో నాగేసు రైడర్, అంటే అవతలి కోర్టులోకి కూతకు వెళ్ళేవాడు. బెల్లంకొండ దగ్గర పల్లె అతనిది. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త కోటమ్మ పెంచింది. ఇద్దరం ఒకే వైపు వాళ్ళం కాబట్టి నా దగ్గర చనువెక్కువ. టేబుల్ మీద బోర్లా పడుకుని ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. ఆ సీజన్‌కు ముందు అతని కుడి మోకాలు బాగా ఇబ్బంది పెట్టింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేవాడు. సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి లేడిపిల్లలా గెంతుతున్నాడు.

"ఏంది నాగేసూ, మోకాలు మార్చుకొచ్చావా?" అన్నాను.

"ఇంటి తిండి మస్తానన్నా. మీ క్యాంపు సాంబారుకు ఎముకలు గట్టిపడతయ్యా ఏంది?"

పక్క టేబుల్ మీదున్న డిఫెండర్ తలెత్తి, "బుగ్గలు చూడన్నా, అత్త బాగా మేపి పంపింది" అన్నాడు. అందరం నవ్వాం.

సీజన్ మధ్యలో, ఒక మ్యాచ్ అవగానే నాగేసుకు డోప్ టెస్ట్ పడింది. ఈ పరీక్షలో చాపరోన్ అని ఒక మనిషి ఆటగాడి వెంటే ఉంటాడు, బాత్రూంలో కూడా వదలడు. మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. ఈ మధ్య వాడిన మందులేమిటో అడిగి రాసుకుంటారు. జట్టు తరఫున తోడు కూర్చున్నది నేనే. ఆఫీసరు ఇంగ్లీషులో అడిగింది తెలుగులో చెప్పాను.

"ఈ వారంలో ఏమన్నా వాడావా? బిళ్ళ, ఇంజక్షన్, నాటుమందు, ఏదైనా సరే."

"ఏం లేదన్నా."

"ఆలోచించి చెప్పరా."

"లేదంటిగా!"

ఆ మాట విసుగ్గా అని, చూపు గోడ మీదకు తిప్పుకున్నాడు. ఆట అలసట అనుకున్నాను.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. ఒంట్లో స్టెరాయిడ్ దొరికింది. కండలు పెంచే రకం కాదు, వాపూ నొప్పీ తగ్గించేది. డాక్టర్లు ఆయాసానికీ కీళ్ళ నొప్పులకూ రాస్తుంటారు. ఎక్కువ రోజులు వాడితే ముఖం ఉబ్బి గుండ్రంగా అవుతుందని నేను లైబ్రరీలోనే చదివాను. మేం నవ్విన బుగ్గలు అప్పుడు గుర్తొచ్చాయి. అనుమతి లేకుండా ఆ మందు మింగి మ్యాచ్ ఆడటం నిషిద్ధం. వెంటనే ప్రొవిజనల్ సస్పెన్షన్, అంటే విచారణ తేలేదాకా ఆటకు దూరం.

ఆ రూల్సులో స్ట్రిక్ట్ లయబిలిటీ అని ఒక మాట ఉంది. ఎలా వచ్చినా సరే, నీ ఒంట్లో దొరికితే బాధ్యత నీదే అని దానర్థం. అయితే అది ఎక్కడి నుంచి వచ్చిందో రుజువు చేసి, తెలియక తిన్నానని నిరూపించుకుంటే శిక్ష బాగా తగ్గుతుంది. ఒక్కోసారి హెచ్చరికతోనే పోతుంది. రుజువు లేకపోతే రెండేళ్ళు. ఆ వయసులో, ఆ మోకాలితో రెండేళ్ళు కూర్చుంటే ఆట అయిపోయినట్టే. జట్టు వకీలు ఎన్ని రకాలుగా అడిగినా నాగేసు "నాకేం తెలవదు" అన్న మాట దాటలేదు. అతన్ని ఇంటికి పంపేశారు.

సెలవు దొరకగానే వాళ్ళ ఊరికి వెళ్ళాను. నాగేసు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. పక్కన కూర్చుని చాలాసేపు బతిమాలాను. చివరికి తల దించుకునే అన్నాడు.

"చెప్పకూడదన్నా."

"ఏంది చెప్పకూడనిది? బతుకు పోతుంటే!"

"మందు తింటన్నమనీ, ఫలానా చెయ్యి ఇచ్చిందనీ నోటితో అంటే మందు ఇరిగిపోద్ది. ఆ చెయ్యి ఇంకెవరికిచ్చినా పనిచెయ్యదు. ఒట్టేసి తీసుకున్నా."

ఇది నాకు తెలియని ఆచారం కాదు. మా వైపు పల్లెల్లో హస్తవాసి ఉందనుకునే మనుషులు డబ్బు పుచ్చుకోకుండా మందిస్తారు. పుచ్చుకున్నవాడు పైకి చెప్పకూడదు. మా అమ్మ కూడా కామెర్ల మందు అలాగే తిన్నది. అయినా ఆ రోజు సీసాల ముందు కూర్చున్నప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అది లేదు.

ఇంతలో కోటమ్మ గడప దాటి వచ్చింది.

"వాణ్ణెందుకు పీక్కుతింటావబ్బాయ్? నేనే ఇచ్చా. వాడి నోరు కట్టేసింది కూడా నేనే."

"ఏ ఆకుతో చేస్తావత్తా?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. "కొండెక్కి ఆకు కోసుకొచ్చి చానా ఏళ్ళయింది. నా మోకాళ్ళూ పోయినయ్. సంతలో ఒకడు పొడి అమ్మితే అదే తేనెలో కలిపిస్తన్నా. బాగానే పనిచేస్తంది గదా అని ఎవరికీ చెప్పలా."

నాగేసు దించిన తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఆ సంగతి అతనికీ అప్పుడే తెలిసింది.

నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. సంతల్లో అమ్మే నొప్పుల పొడుల్లో ఇలాంటి బిళ్ళలు నూరి కలుపుతారని విన్నాను. "ఆ పొడి ఇటియ్యత్తా! ల్యాబుకు పంపిద్దాం. అందులో స్టెరాయిడ్ ఉందని తేలితే వీడు బయటపడతాడు."

"ఇంకెక్కడి పొడి? వీణ్ణి ఆట నుంచి ఆపేశారని తెలిసిన్నాడే, మందు ఇరిగిందని కాలవలో కలిపొచ్చా. చెడిన మందు ఇంట్లో ఉండకూడదు గదా."

"అంతా పోశావా అత్తా? నేను క్యాంపుకు పట్టుకెళ్ళింది గూడా అయిపోయిందే" అన్నాడు నాగేసు.

"కుండ కూడా కడిగి బోర్లించొచ్చా గదరా."

సాగర్ కాలవ ఆ ఊరికి అంత దగ్గరగా లేకపోతే బాగుండేదన్న పిచ్చి ఆలోచన ఒకటి నాకు వచ్చింది.

పొడి అమ్మినవాడి కోసం కోటమ్మను వెంటబెట్టుకుని సంతలన్నీ తిరిగాం. పెదకూరపాడు వైపు దొరికాడు. "పొడా? నూనెలు తప్ప నేనింకేం అమ్మను సాయిబూ, ఇంకెవరినో చూసి ఉంటారు" అని గంప సర్దుకున్నాడు.

విచారణ వీడియోలో జరిగింది. నరసరావుపేటలో వకీలు గదిలో కంప్యూటర్ ముందు కోటమ్మను కూర్చోబెట్టాం. ఆమె తెలుగును నేను ఇంగ్లీషులో చెప్పాలి. ఇలాంటి రోజు కోసమే ఇన్నాళ్ళూ చదివానని పొద్దున అనుకున్నాను. తీర్పు చెప్పేవాళ్ళు తెర మీద ముగ్గురున్నారు, ఆమె ముగ్గురికీ దండం పెట్టింది.

"తప్పు నాదయ్యా. పొడి నాది, ఒట్టు నాది. ఏమన్నా ఆపితే నన్నాపండి. వాణ్ణి ఆడనియ్యండి."

అర్థం చెప్పగలిగాను గానీ ఆమె గొంతులో ఉన్నది చెప్పలేకపోయాను. వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు తీసి శ్రద్ధగానే విన్నాడు. మీ మాటను అనుమానించడం లేదు, కానీ పరీక్షించడానికి వస్తువు లేదు, అడిగినప్పుడు ఆటగాడు ఏమీ లేదన్నాడు అని వాళ్ళ తీర్పు. రెండేళ్ళు.

నాగేసు క్వారీలో టిప్పర్ తోలడానికి చేరాడు. సస్పెన్షన్ ముగిశాక ఒక ట్రయల్‌కు వచ్చాడు కూడా. కూత పాతదే, కాలు మాత్రం కదల్లేదు. కోటమ్మ మందివ్వడం మానేసింది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే, "ఈ చెయ్యి మంచిది కాదు, ఆస్పత్రికి పొండి" అని పంపేస్తోంది.

ఇప్పుడు క్యాంపు మొదలైన రోజున నా టేబుల్ మీద ఒక స్టీలు డబ్బా పెడుతున్నాను. కొత్త కుర్రాళ్ళను మందు వాడుతున్నారా అని అడగను. "ఎవరిచ్చారో చెప్పొద్దు, నోటితో ఏమీ అనొద్దు. మీ జెర్సీ నంబరు వేసిన పొట్లంలో చిటికెడు తెచ్చి ఇందులో వెయ్యండి. అదేందో ల్యాబులో తేలేదాకా మిగతాది ముట్టుకోవద్దు" అంటాను. మొదటి ఏడాది నుంచే పొట్లాలు పడుతున్నాయి.

ఈ సంగతి కోటమ్మతో ఆ మధ్య చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నదల్లా చెయ్యి ఆపింది.

"ఈ మాట ఆ పరీక్ష రోజే వాడితో అనుంటే, గుప్పెడు కట్టి పంపేదాన్ని గదబ్బాయ్" అంది.