ఉప్పునీళ్ల నారు

రావమ్మది మూడో తరగతి చదువు, అదీ మధ్యలో మానేసిందే. కానీ గట్టు మీద నిలబడి చూసే నారుకేం కావాలో చెప్పగలదు. పుట్టిల్లు కోడూరు వైపు. సముద్రపు నీరెక్కి నారు మాడిపోతే నాన్న మళ్లీ మళ్లీ విత్తనం చల్లడం చూస్తూ పెరిగిన మనిషి. అలాంటి ఆవిడ ఇంట్లోనే, గన్నవరం దగ్గర, కరోనా రెండో ఏటి వేసవిలో, మనవరాలు ఉషశ్రీ నలభై పెరుగు కప్పుల్లో వరినారు పెంచుతూ, ఇరవైటికి చేజేతులా ఉప్పునీళ్లు పోస్తోంది.

బెజవాడలో బీఎస్సీ చదివే పిల్ల. హాస్టల్ మూశారు, ల్యాబ్ మూశారు, పరిశోధన మాత్రం మూయలేదు. దానికి ఎంపికైన ఆరుగురు పిల్లలూ ఇంటి దగ్గరే చేసి చూపించాలట.

"ఉప్పునీళ్లకి నారు చస్తుందని తెలుసుకోడానికి కాలేజీ ఎందుకే? నన్నడిగితే చెప్పనూ?"

"ఎంత ఉప్పుకి, ఎన్నాళ్లకి అన్నది కావాలి నాయనమ్మా. నువ్వు మాత్రం ముట్టుకోకు."

మూడు వారాలు ముట్టుకోలేదు. ఆ మూడు వారాల్లో నారుతోపాటు పిల్లా వాడింది. గోంగూర పచ్చడి కలిపి పెట్టినా నాలుగు ముద్దలకే కంచం తోసేసేది. పొద్దస్తమానం ఆ ఫోనూ ఆ స్కేలే. శుక్రవారం శుక్రవారం కాలేజీవాళ్లు ఫోనుకో ఫారం పంపేవారు. ఎలా ఉన్నారు, నిద్ర పడుతోందా, అయిదుకి ఎంత వేసుకుంటారు? అన్నిటికీ అయిదే నొక్కేది.

"అబద్ధమెందుకే?"

"తక్కువేస్తే, ఈ పిల్లవల్ల కాదని తీసేస్తారు."

ఓ ఉదయం ఆకులు చుట్టుకుపోయి కొసలు తెల్లబడటం చూసేసరికి రావమ్మకు చిర్రెత్తుకొచ్చింది. పిల్ల స్నానానికెళ్లగానే బిందెడు మంచినీళ్లు తెచ్చి, అడుగు చిల్లుల్లోంచి ఉప్పంతా కారిపోయేలా ఇరవై కప్పులూ తడిపేసింది.

ఉషశ్రీ వచ్చి చూసి అక్కడే కూలబడింది. "మూడు వారాల పని! నిన్నెవరు పొయ్యమన్నారు?"

"ఒకరు చెప్పాలా? కళ్లముందు చస్తుంటే పక్కన కూర్చుని కొలవడం నావల్ల కాదు. నువ్వు దాన్ని కొలుస్తున్నావు, వాళ్లు నిన్ను కొలుస్తున్నారు. నీళ్లు పోసేదెవరే మరి?"

పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. రావమ్మ ఆపలేదు. ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. "మీ సారుకి చెయ్యి. మా ముసల్దే పోసిందని చెప్పు, నాకేం భయం!"

పరిశోధన చేయించే అనంతకృష్ణ సారు స్పీకర్లో అంతా విన్నాడు. "పోతే పోయిందిలే, మళ్లీ మొదలుపెడదాం. నువ్వు బానే ఉన్నావుగా? ఫారంలో అన్నీ అయిదులే..."

ఉషశ్రీ నాయనమ్మ వైపు చూసింది. "బాలేను సార్. అవన్నీ అబద్ధం. నిద్రపోయి చాలా రోజులైంది."

"ఈ మాట చెప్పినవాళ్లలో నువ్వు నాలుగోదానివమ్మా. ఫారాలు పంపే బదులు నేనే ఫోన్ చేసి అడగాల్సింది. రెండు వారాలు ఏదీ ముట్టుకోకు. నీ సీటెక్కడికీ పోదు."

"ఆ ముక్కేదో మొదటే ఏడిస్తే నా బిందెడు నీళ్లు మిగిలేవి," అంది రావమ్మ, ఫోనుకు వినపడేలాగే.

ఆ మధ్యాహ్నం పిల్ల మారు అన్నం పెట్టించుకుంది. రెండు వారాలయ్యాక కొత్త విత్తనం నానబోస్తూ రావమ్మే బేరం మొదలెట్టింది.

"ఇరవై కప్పులెందుకే చంపడం? అయిదుతో సరిపెట్టుకోమను."

"పది. అంతకు తగ్గితే సారు ఒప్పుకోరు నాయనమ్మా."

"సరే ఏడువు. ఆ పదీ దొడ్డి గోడ అవతల పెట్టుకో. నా కంటబడ్డాయో, మళ్లీ బిందె ఎత్తుతాను."