మనిషి కనబడేటంత ఎత్తు

మా పెదనాన్న ఏసుదానానికి ఎత్తు కనబడితే ఎక్కకుండా ఉండలేని జబ్బు. రోజూ పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని, నౌపడలో తమ ఇంటి పక్కనున్న ఉప్పు షెడ్డు మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కేవాడు. ఎక్కి, వాకిట్లో పొయ్యి ముందున్న పెద్దమ్మకి కేకేసేవాడు.

"జ్ఞానసుందరీ! సెయ్యి ఊపు!"

పెద్దమ్మ తల ఎత్తకుండానే గరిటె ఊపేది.

"గరిటి కాదే, సెయ్యి!"

"సెయ్యి ఊపితే అంబలి పొంగిపోతాది. దిగు ముందు!"

రాజాంలో ఓ పెళ్ళికి వెళ్తే డాబా మీద తేలాడు. సరిగ్గా ముహూర్తానికి పైనుంచి "పెళ్ళికొడుకా, సెయ్యి ఊపు బాబూ!" అని కేక. ఆ కుర్రాడు మర్యాదస్తుడు, ఊపాడు. మంగళసూత్రం ఆ చేతిలోనే ఉంది. పురోహితుడు గాల్లో పట్టుకోబట్టి సరిపోయింది.

ఆమదాలవలస స్టేషన్లో పట్టాల మీది వంతెనెక్కి రెండు రైళ్ళు పోగొట్టాడు. "రైలు వెళ్ళిపోయింది పెదనాన్నా!" అని నేను ఏడుపు మొహం పెడితే, "రైలు బాగానే కనబడింది అమ్మీ. ఎక్కినోళ్ళ మొకాలే కనబళ్ళేదు" అని విచారించాడు.

ఇంకోసారి ఆరుబయట ప్రార్థన కూటంలో అందరూ కళ్ళు మూసుకుని ఉండగా చర్చి గంట గూట్లోంచి "అందరూ సేతులు ఊపండి!" అని వినబడింది. అందరూ ఊపేశారు. పాస్టర్ స్టాన్లీగారు దేవుడి ఆత్మ దిగి మా ఊరికి ఉజ్జీవం వచ్చేసిందనుకుని ఇంకో గంట ప్రసంగించారు.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, విమానంలో తగులుకుంది. పెదనాన్న ఉప్పు మడుల మేస్త్రీ. ఒకప్పుడు మడుల్లో ఎవరైనా కాస్త నిలబడితే చాలు, "నడవండే!" అని అరిచేవాడు. ఆయనకి మనుషులతో అదొక్కటే సంభాషణ. 2014 మార్చిలో, కలకత్తాలో నర్సు చేస్తున్న కూతురు దీవెన విశాఖ నుంచి విమానం టికెట్టు పంపింది. బయల్దేరే ముందు పెదనాన్న మడుల్లో చాటింపు వేశాడు: "పదకొండు గంటలకి మన నెత్తి మీదుగా ఎల్తాను. అందరూ సెయ్యి ఊపండి!"

ఆ రోజు ఎనభై మంది పది గంటల నుంచే మొదలుపెట్టి, చప్పుడు చేసిన ప్రతిదానికీ చేతులూపారు. తట్టలు మోసే జగ్గమ్మయితే దానికోసమే ఎర్ర చీర కట్టుకుంది.

వారానికి పెదనాన్న తిరిగొచ్చాడు. అందరూ చుట్టూ మూగారు.

"కనబడ్డామా బావా?" అంది జగ్గమ్మ.

"మడులు కనబడ్డాయే. అద్దం ముక్కలు పరిసినట్టున్నాయి. గట్లు కనబడ్డాయి, సముద్రం కనబడింది. ఒక్క మనిషీ కనబళ్ళేదు."

"నా ఎర్ర సీర?"

"అదీ లేదు."

"అంతమందిమి గంటసేపు ఊపినాం కదేటి! భుజాలు పీకేస్తన్నాయి!"

ముప్పై ఏళ్ళు తను కసిరిన మనుషులు కాస్త పైకెళ్ళేసరికి లేకుండా పోవడం పెదనాన్నకి మింగుడు పడలేదు. మర్నాటి నుంచి ఎక్కడం మొదలుపెట్టాడు. మడులన్నీ కనబడాలి, మనుషులూ కనబడాలి. అలాంటి ఎత్తు ఎక్కడో ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. నీళ్ళ ట్యాంకు మరీ ఎత్తయింది. చింతచెట్టుకి ఆకులు అడ్డు. చివరికి షెడ్డు కప్పు దగ్గర కుదిరింది. అక్కడ ఒక కుర్చీ కూడా వేయించుకున్నాడు.

2016 ఎండాకాలంలో, మడులు కౌలుకి తీసుకున్న జగన్నాధంగారు ఒక కబురు పంపారు. ఒక మనిషిని తగ్గించాలి. ముసలివాళ్ళలో ఎవరు నెమ్మదిగా నడుస్తున్నారో సోమవారానికల్లా మేస్త్రీ పేరు చెప్పాలి. దాంతో మడుల్లో నవ్వులు ఆగిపోయాయి. "ముసలోడు ఎవుర్ని పీకుదామా అని పైనుంచి సూస్తన్నాడే" అని గుసగుసలు. అందరికన్నా జగ్గమ్మ వేగంగా నడవడం మొదలుపెట్టింది. ఆమెకి కొడుకు లేడు, మొగుడు లేడు; ఆ తట్టే ఆమెకి తిండి.

శనివారం పెద్దమ్మ నా చేత క్యారేజీ పంపింది. దిగమంటే పెదనాన్న దిగలేదు. భయపడుతూ నేనే ఎక్కాను.

"అటు సూడు అమ్మీ. నాలుగో గట్టు."

జగ్గమ్మ తట్టతో వస్తోంది. నాలుగో గట్టు దాటగానే ఉప్పు రాశి చాటుకెళ్ళి, కింద ఎవరికీ కనబడకుండా, తట్ట దించి రెండు చేతులా మోకాలు పట్టుకుంది. కాసేపటికి తట్ట ఎత్తుకుని మళ్ళీ చకచకా బయటికొచ్చింది.

"పొద్దున్నుంచి ప్రతి నడకకీ అంతే. కిందనుంటే నాకూ తెలిసేది కాదు."

"పేరు చెప్పేస్తారా?" అన్నాను.

"అన్నం పెట్టు" అన్నాడు పెదనాన్న.

సోమవారం జగన్నాధంగారు తెల్లపంచెలో వచ్చారు.

"పేరేదీ, ఏసుదానం?"

"పైకి రండి బాబూ. సూపిస్తాను."

ఆయన పైకెక్కారు. కప్పు మీద కాలు పెట్టాక గానీ తనకి ఎత్తంటే భయమని ఆయనకి గుర్తు రాలేదు. కుర్చీని కౌగిలించుకుని కళ్ళు మూసేసుకున్నారు. పెదనాన్న వచ్చి నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు.

"అదిగో, రెండు మడుల్లో ఉప్పునీరు కారిపోతన్నాది. నాకిక్కణ్ణించి కనబడతాది. తూము మూయమని కేకేస్తే ఇనేవోళ్ళెవరు? తూము కాడ కూకుని నాకేసి సూసే మనిషి ఒకరు కావాలి."

"నేను తగ్గించమంటే నువ్వు పెంచమంటావేటయ్యా!"

"పెంచొద్దు బాబూ. జగ్గమ్మ తట్ట దించేసి అక్కడ కూకుంటాది. కూలి అదే. కళ్ళు తెరిసి ఓసారి సూడండి."

"తెరవను! సరే, సరే! ముందు నన్ను దింపు!"

"ఎన్నాళ్ళకి బాబూ?"

"దానికి ఓపికున్నన్నాళ్ళూ! దింపవయ్యా!"

పెదనాన్న పక్కకి తప్పుకున్నాడు. తూము దగ్గర తాటాకు పందిరి కింద పీట మీద కూర్చుని జగ్గమ్మ మూడు రోజులు మేస్త్రీని తిట్టింది. ఈ ముసలోడికి సెయ్యి ఊపడానికి నన్ను పెట్టినారు, ఊరంతా నవ్వుతన్నారు, అని. నాలుగో రోజు ఇంకో పీట తెచ్చుకుని, కాలు చాపి దాని మీద పెట్టుకుంది.

పెదనాన్న పని మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడు కలకత్తాలో దీవెనక్క వాళ్ళింట్లో ఉంటున్నాడు. రెండో అంతస్తు; కింద వీధిలో పోయేవాళ్ళ మొహాలు కనబడతాయట.