తిట్లు మోసే కార్డులు

మామయ్య మనుషుల్ని పల్లెత్తు మాట అనడు. ఆయన తిట్లన్నీ మెమరీ కార్డులకే.

కెమెరాలు బాగుచేసే ఆ ఇరుకు దుకాణంలో పనికి చేరిన కొద్దిరోజులకే మేనకోడలికి ఈ సంగతి బోధపడింది. ఫొటోలు మాయమయ్యాయని ఎవరైనా కార్డు తెస్తే, మామయ్య కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి మొదలుపెడతాడు. అగ్గిపెట్టెంత కాంపాక్ట్ ఫ్లాష్ అయితే, "ఒళ్ళు పెంచావు గానీ ఒంట్లో నిజాయితీ లేదు." పక్కన బుల్లి తాళం ఉండే ఎస్‌డీ కార్డయితే, "తలుపుకి తాళం వేసి గోడకి కన్నం వేసే రకం." మైక్రో ఎస్‌డీ మీద మరీ కోపం. "గోరంత లేవు, ఇంటిల్లిపాదినీ మింగి కూర్చున్నావు." ఇప్పుడెవరూ తయారుచెయ్యని ఎక్స్‌డీ కార్డు దొరికితే, "మీ వంశమే అంతరించింది, ఇంకా ఈ పొగరేమిటి?"

"చొక్కా జేబులో మరిచిపోయి నేనే ఉతికేశానండీ," అని ఒకాయన ఒప్పుకోబోయాడు.

"మీరూరుకోండి. నీళ్ళలో పడ్డప్పుడు కేకెయ్యడానికి దీనికేం రోగం?"

వీధిలో అందరికీ ఆయన తిట్ల మామయ్య. "తిట్లన్నీ అక్కడే ఖర్చయిపోతాయి, అందుకే ఇంట్లో నోరు లేవదు," అనేది అత్తయ్య.

ఒక మధ్యాహ్నం, వానలో, ఒక లారీ డ్రైవరూ అతని భార్యా వచ్చారు. వాళ్ళ ఏడేళ్ళ కూతురు జ్వరంతో పోయి నెల తిరగలేదు. పాప ఫొటోలన్నీ వాళ్ళ కెమెరా కార్డులోనే ఉండేవి. ఇద్దరూ బల్లకి చెరో చివర నిలబడ్డారు.

"పాపని చూసుకుందామని ఏదో నొక్కిందట. పాప ఫొటో ఒక్కటీ లేదు," అన్నాడు డ్రైవరు. "దొరికితే ఇవ్వండి. దొరక్కపోతే, ఈవిడ చేతులారా పోగొట్టిందో లేదో అదొక్కటి చెప్పండి."

ఆమె తల ఎత్తలేదు.

మామయ్య కార్డుని కంప్యూటరుకి పెట్టాడు. వెనకనుంచి మేనకోడలూ తెర చూసింది. కార్డు లక్షణంగా ఉంది. పాప తల్లి ఫార్మాట్ నొక్కి అంతా తుడిచేసింది. అలా తుడిచినా ఫొటోలు అడుగున మిగులుతాయి, వెతికితే దొరుకుతాయి, వాటి మీద కొత్తవి తియ్యకుండా ఉంటే. కానీ తీశారు. ఎక్కడో గుద్దుకున్న లారీని ఓనరుకి చూపించడానికి తీసిన పొడుగాటి వీడియోలు కార్డంతా నిండిపోయాయి. వాటిలో వినిపిస్తున్న గొంతు డ్రైవరుది. తుడిచింది తల్లి, పూడ్చింది తండ్రి. ఆ రెండోది అతనికి తెలియదు.

మామయ్య తెర ఆర్పేశాడు. తర్వాత కార్డుని బల్ల మీద పెట్టి తిట్లు అందుకున్నాడు.

"పుట్టుకతోనే పుచ్చిన కార్డమ్మా ఇది. మీరు నొక్కినా పోయేవే, నొక్కకపోయినా పోయేవే. పసిదాని మొహం దాచమని ఇస్తే దాచడం చేతకాని దరిద్రగొట్టుది."

"అయితే ఈవిడ తప్పు కాదంటారు."

"ఎవరి తప్పూ కాదు నాయనా."

డ్రైవరు కాసేపు వాన కేసి చూశాడు. తర్వాత భార్య దగ్గరికి నడిచి, తన మెడలోని తువ్వాలు తీసి ఆమె తడిసిన భుజాల మీద కప్పాడు.

"పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?"

ఆమె లేదన్నట్టు తలూపింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్ళిపోయారు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా మేనకోడలు ఆగింది.

"కార్డు నిక్షేపంలా ఉంది కదా మామయ్యా. పాపం, దాని మీద అంత అభాండం వేశావేం?"

"మోస్తుందిలే," అన్నాడు మామయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ. "అదేమన్నా ఇంటికెళ్ళి ఎవరితోనైనా కాపురం చెయ్యాలా?"