బండల మీద అలుకు

నిన్న వికారాబాదులో ఒక ఇంటికి కొలతలు తీస్తుంటే పక్క వాకిట్లోంచి తడి పేడ వాసన వచ్చింది. తాండూరులో మా ఇల్లు గుర్తుకొచ్చింది.

మా నాయన రాతి గనిలో మేస్త్రీ. ఇల్లంతా నున్నటి నాపబండలు పరిపించాడు. అమ్మ పోయిన ఏడాదికి బొంరాస్‌పేట నుంచి చిన్నమ్మను పెళ్లి చేసుకొచ్చాడు. వచ్చిన వారానికే ఆమె ఆ బండలన్నిటినీ పేడతో అలికేసింది.

"బండల మీద ఎవలన్న అలుకుతరా బిడ్డా?" అని నానమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"అలుకకుంటే ఇల్లు లెక్కనే లేదత్తా, స్టేషన్ లెక్కున్నది," అంది చిన్నమ్మ.

నేను నమ్మలేదు. కప్పిందంటే కింద ఏదో ఉన్నట్టే. ఒకటి, ఏ బండనో లేపి ఏదో దాచింది. రెండు, అమ్మ తిరిగిన ఆనవాళ్లు చెరిపేస్తోంది. రెండోదానికే నాకు ఎక్కువ భయం. మర్నాటికి అలుకు ఎండి పెచ్చులు లేచింది. నేను బోర్లా పడుకుని, గోటితో పెచ్చులు తీస్తూ బండల సందులు వెతుకుతున్నాను.

"ఏం దేవులాడుతున్నవ్ కొడుకా?" అంది చిన్నమ్మ.

"ఏం దాచినవ్?"

ఆమె నవ్వబోయి ఆగింది. "దాచెటందుకు నేనేం తెచ్చిన? మా అవ్వగారింట్ల మట్టినేల. గీ బండల మీద కాలువెడితే సుట్టాలింటికి వచ్చినట్లున్నది. జర నా ఇల్లనిపిస్తదేమోనని అలికిన."

నున్నటి రాయికి పేడ పట్టదని చదువుకున్నాక నాకు తెలిసింది. ఆమెకు మర్నాడే తెలిసిపోయింది. తర్వాతి శుక్రవారం మట్టిపొయ్యినీ దాని గద్దెనూ మాత్రం అలికింది. పేడ తట్ట నేనే మోసుకొచ్చాను.